అమ్మమ్మగారింటి నాటు గులాబీ హైదరాబాదులో బతుకుతుందా?

నమస్తే అండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తెనాలి దగ్గర పల్లెలో మీ అమ్మమ్మగారింటి పెరట్లో, నూతి పక్కన ఒక గులాబీ పొద ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా ముప్పై ఏళ్లుగా పూస్తోంది. మీరేమో హైదరాబాదులో ఆరు గులాబీ మొక్కలు కొని, రెండేళ్లలో ఐదు పోగొట్టుకున్నారు. సంక్రాంతి తర్వాత ఆ ఇల్లు అమ్మేస్తున్నారు. ఆ మొక్కను ఇక్కడికి తెచ్చుకోవచ్చా, తెస్తే ఎలా పెంచాలి, కత్తిరింపులు ఎలా, డాలస్‌లో ఉన్న మీ అక్కకు కూడా పంపొచ్చా అన్నారు.

తెచ్చుకోండి. కానీ మొక్కను తవ్వి కాదు, పుల్లలు కోసి తెచ్చుకోండి. ముప్పై ఏళ్ల పొదను పెకలిస్తే బతికే అవకాశం తక్కువ. పుల్లలైతే సంక్రాంతి రోజులు వాటికి మంచి అదను. అక్కకు పంపే ఆలోచన మాత్రం మానుకోండి, కారణం కింద చెప్తాను. ఇక కత్తిరింపు అంటారా, మొదటి రెండేళ్లు కత్తెర ముట్టుకోకండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఈ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలి కదా. మాది కడియం పక్క ఊరు. మా నాన్నగారు గులాబీలకు కన్ను అంట్లు (ఒక మొక్క మొగ్గను ఇంకో మొక్క కాండానికి అతికించడం) కట్టేవారు. నేను పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, ఊరి చివర రెండు వందల గజాల స్థలంలో ఇరవై రెండేళ్లుగా గులాబీలు పెంచుతున్నాను. ఎర్రనేల, బోరు నీళ్లు. మీకున్న కష్టాలే నాకూ ఉన్నాయి.

ముందు ఆ మొక్క ఏమిటో చూద్దాం. మీరు పెట్టిన ఫోటోలో ముదురు గులాబీ రంగు, గుత్తికి మూడు నాలుగు పూలు, కాస్త అడ్డదిడ్డంగా మడతపడ్డ రేకులు ఉన్నాయి. పువ్వు రెండో రోజుకే రాలిపోతుందనీ, వాసన వీధిలోకి వస్తుందనీ, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పూస్తూనే ఉంటుందనీ రాశారు. ఫోటో చూసి నూటికి నూరు పాళ్లు చెప్పలేం గానీ, ఈ లక్షణాలన్నీ మనం పన్నీరు గులాబీ అని, తమిళనాడు వైపు ఎడ్వర్డ్ రోజా అని పిలిచేదానివే. అసలు పేరు రోజ్ ఎడ్వార్డ్. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అనే ద్వీపం ఉంది, అప్పట్లో దాన్ని బోర్బన్ అనేవాళ్లు. అక్కడ కంచెలుగా వేసిన చైనా గులాబీకీ, డమస్కస్ జాతి గులాబీకీ దానంతటది సంకరం జరిగి పుట్టిందంటారు. 1819 ప్రాంతంలో దాని విత్తనాలు ఫ్రాన్స్ చేరాయి. అందుకే ఈ కుటుంబం మొత్తానికి బోర్బన్ గులాబీలని పేరు.

ఈ పుట్టుక వల్లే మనకు లాభం. డమస్కస్ వైపు నుంచి వాసన వచ్చింది, చైనా వైపు నుంచి ఏడాది పొడవునా పూసే గుణం వచ్చింది, వేడిని తట్టుకునే గుణం కూడా. మన దేశంలో దీన్ని వేరే గులాబీలకు వేరుమూలంగానూ, అంటే వాటిని అంటుకట్టే కింది మొక్కగానూ వాడతారు. దాని వేళ్ల బలం మీద అంత నమ్మకం.

మరి మీరు కొన్న ఐదు మొక్కలు ఎందుకు చచ్చిపోయాయి? వాటిని చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ, నా అంచనా చెప్తాను. అవి హైబ్రిడ్ టీ గులాబీలు అయ్యుంటాయి, పొడుగు కాడ మీద ఒక్కటే పెద్ద పువ్వు పూసే రకం. అవన్నీ కన్ను అంట్లు. అంటే కింద వేరు ఒక జాతిది, పైన కొమ్మ ఇంకో జాతిది. పైకొమ్మ ఎండితే ఆ రకం అక్కడితో సరి. తర్వాత కింద నుంచి ఏపుగా ఒక పిలక లేస్తుంది, అందరూ మొక్క బతికిందని సంబరపడతారు. తీరా అది వేరుమూలం జాతి, మీరు కొన్న పువ్వు పూయదు. మీ అమ్మమ్మగారి పొద పుల్ల నుంచి, సొంత వేరు మీద పెరిగిన మొక్క అయ్యుంటుంది. ఎండకు పైదంతా మాడినా, మేక కొరికినా, నేలలోంచి వచ్చే ప్రతి పిలకా అదే గులాబీ. దాని ముప్పై ఏళ్ల ఆయుష్షుకు అసలు కారణం ఇదే.

రెండో కారణం మట్టి గడ్డ. నర్సరీ కవర్లలో చాలావరకు బంకమట్టి ఉంటుంది, లారీల్లో ప్రయాణానికి అది కావాలి. దాన్ని అలాగే కుండీలో దించి చుట్టూ వదులు మట్టి వేస్తే, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, గడ్డ లోపల మాత్రం ఎండిపోయి ఇటుకలా ఉంటుంది. లేదా ఒకసారి తడిస్తే వారం దాకా ఆరదు. ఆ మిగిలిన ఒక్క మొక్కను డిసెంబరులో తీసి, గడ్డను బక్కెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, పైమట్టి సగం దాకా మెల్లగా విడిపోనిచ్చి మళ్లీ నాటండి. అది బతుకుతుంది.

పుల్లలు కోయడం, తేవడం

పెన్సిల్ మందం, అప్పుడే పూసి రాలిన కొమ్మ ఎంచుకోండి. ఆకుపచ్చగా మెత్తగా ఉండే లేత చివర కుళ్లిపోతుంది, బూడిద రంగుకు తిరిగిన ముదురు కొమ్మకు వేరు రావడం కష్టం. ఏడెనిమిది అంగుళాల పొడవు, కనీసం నాలుగు కణుపులు ఉండాలి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకు పావు అంగుళం పైన. కోతల్లో తేడా పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఇంటికొచ్చాక తల ఏదో మొదలు ఏదో తెలియదు. నవ్వకండి, మొదటిసారి నేను ఎనిమిది పుల్లలు తలకిందులుగా నాటాను.

పై రెండు ఆకులు ఉంచి మిగతావి తీసేయండి. తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కారు డిక్కీలో వేయకండి, కాళ్ల దగ్గర పెట్టుకోండి. మర్నాటికల్లా నాటేయాలి.

ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం కలిపి, అడుగున చిల్లులున్న కుండీలో రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చండి. వేర్లు రావడానికి అమ్మే పొడి దొరికితే అద్దండి, దొరక్కపోయినా ఈ జాతికి పర్వాలేదు. తేనె, దాల్చినచెక్క పొడి, కలబంద గుజ్జు అని వీడియోల్లో చాలా చెప్తారు. హాని లేదు, నా దగ్గరైతే తేడా కూడా ఏమీ కనిపించలేదు. అడుగు కోసేసిన పెద్ద నీళ్ల సీసా పైన బోర్లించి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచండి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. రెండు మూడు వారాలకే చిగుళ్లు వస్తాయి. చిగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదు. పుల్లలో దాచుకున్న ఆహారంతో అది చిగురిస్తుంది. వేరు వచ్చిందా అని లాగి చూస్తే, వస్తున్న పీచు వేరు తెగుతుంది. యాభై రోజులు ఓపిక పట్టండి. కుండీ అడుగు చిల్లుల్లోంచి తెల్ల వేరు కనిపిస్తే అప్పుడు చాలు. నాకు ఈ జాతిలో పదికి ఆరో ఏడో బతుకుతాయి. మీకు చేయి తిరగలేదు కాబట్టి పన్నెండు పెట్టుకోండి.

ఇల్లు అప్పగించడానికి ఇంకా మూడు నెలల టైమ్ ఉందంటే ఇంతకన్నా నమ్మకమైన దారి అంటు తొక్కడం. నేలకు దగ్గరగా ఉన్న పొడుగు కొమ్మను వంచి, ఒక కణుపు కింద చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని మట్టిలో కప్పి పైన రాయి పెట్టాలి. తల్లి నుంచి నీళ్లు అందుతూనే ఉంటాయి కాబట్టి ఎండిపోదు. వేళ్లు వచ్చాక కోసి తెచ్చుకోవడమే.

నాటడం

వేసవి మొదలయ్యేసరికి మీ మొక్కలు పసివి. వాటిని ఈ వేసవంతా కుండీల్లోనే, ఉదయపు ఎండ మాత్రం తగిలేచోట దాటించండి. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక నేలలో పెట్టండి. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గొయ్యి తీసి, బాగా మాగిన పశువుల ఎరువు పది కిలోలు, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి నింపండి. పచ్చి పేడ వద్దు, చెదలను పిలిచినట్టే. మీ ప్లాటు నల్లరేగడి అయితే గొయ్యిలో కాకుండా అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. గులాబీకి నీరు కావాలి, నిలవ నీరు పనికిరాదు.

మొక్కకు మొక్కకు నాలుగైదు అడుగులు వదలండి. చిన్న పుల్లగా ఉన్నప్పుడు ఈ ఖాళీ చూసి మనసు ఆగదు, మధ్యలో ఇంకోటి పెట్టాలనిపిస్తుంది. మూడో ఏడు అది మనిషి ఎత్తు పొద అవుతుంది, మధ్యలో పెట్టినదాన్ని మీరే పీకేస్తారు. రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండకు ఏ గోడ నీడో పడితే మంచిది. మేడ మీదే పెంచాలంటే పద్దెనిమిది అంగుళాల తొట్టికి తగ్గొద్దు, తొట్టి చుట్టూ తడి గోనె చుట్టండి. మేడ మీద పోయే గులాబీల్లో ఎక్కువ భాగం కుండీలో వేళ్లు ఉడికిపోవడం వల్లే పోతాయి.

కత్తిరింపు

మీరు యూట్యూబులో చూసినట్టు మోకాలి ఎత్తుకు నరికేయడం హైబ్రిడ్ టీలకు చెప్పిన పద్ధతి. నాటు పొదకు అలా చేస్తే అది బలమంతా ఆకులకే పెడుతుంది, పూలకు కాదు. నేను 2009లో ఏకంగా ఆరు పొదలు అలా నరికాను. ఏపుగా, పచ్చగా, ఎనిమిది అడుగుల కర్రలు లేచాయి. పూలు మాత్రం తర్వాతి జూలై దాకా లేవు. మా అత్తగారు రోజూ పూజకు వెళ్తూ ఆ పొదల వంకా నా వంకా చూసేవారు, ఒక్క మాట అనేవారు కాదు.

మూడో ఏడు నుంచి, వానలు తగ్గాక అక్టోబరు రెండో పక్షంలో చేయండి. తెనాలి వైపు అయితే తుపాను వానలు దాటేదాకా, నవంబరు చివరిదాకా ఆగడం మేలు, ఎందుకంటే కోసిన గాయం మీద వాన నీరు పడితే తెగులు ఎక్కుతుంది. ఎండిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయాలి. బాగా ముదిరిన కాండాలు ఏడాదికి రెండో మూడో మొదలంటా కోయాలి. మిగిలినవాటిని పొడవులో మూడో వంతు తగ్గించాలి. అంతే. ఆరేడు వారాలకు పూత మొదలవుతుంది, సంక్రాంతికి దండిగా ఉంటాయి.

పొడుగ్గా లేచిన కర్రలను కోయకుండా ఇంకో మంచి ఉపాయం ఉంది. వంచి కట్టండి. కొమ్మ నిలువుగా ఉంటే బలమంతా చివర మొగ్గకే పోతుంది, మూడు పూలు పూసి ఊరుకుంటుంది. అదే కొమ్మను విల్లులా వంచి, చివరను నేలలో దిగ్గొట్టిన మేకుకు కట్టేస్తే, నిలువునా ప్రతి కణుపు నుంచీ చిన్న రెమ్మ లేచి పూస్తుంది. ఒకే కర్ర మీద ముప్పై పూలు లెక్కపెట్టాను. నవంబరులో, నీళ్లు పెట్టిన మర్నాడు కొమ్మ మెత్తగా ఉన్నప్పుడు వంచాలి. ఒక్కసారే వంచితే విరుగుతుంది, వారానికి కొంత చొప్పున వంచండి.

కోసిన ప్రతి చోటా బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ చిక్కగా కలిపి గానీ పూయండి. బద్ధకించకండి. గులాబీని ఎక్కువగా చంపేది కొమ్మ ఎండు తెగులు. కోసిన చోట నల్లబడి కిందికి దిగుతూ పోతుంది. కనిపిస్తే నల్లదనానికి రెండంగుళాల దిగువన, లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కోసి పేస్ట్ రాయాలి.

నీళ్లు, మేత, పురుగు

హైదరాబాదు బోరు నీళ్లతో వచ్చే తంటా వేరు. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. నేలలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువై మొక్కకు అందదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి, పది రోజులకు మళ్లీ ఒకసారి. వానాకాలంలో మేడ మీద నీళ్లు డ్రమ్ములో పట్టి పోస్తే అంతకన్నా మందు లేదు. ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకు పోస్తున్నామని చాలామంది గర్వంగా చెప్తారు. అందులో ఉప్పంతా చేరి ఉంటుంది, గులాబీకి మాత్రం పోయొద్దు. ఆకు అంచులు మాడుతుంటే ముందు దీన్నే అనుమానించాలి.

మేతకు, కత్తిరింపు అయ్యాక ఒకసారి, జూన్‌లో ఒకసారి పశువుల ఎరువు, వేపపిండి వేసి పాదును పైపైన గొప్పు తవ్వండి. నానబెట్టిన పల్లి చెక్క నీళ్లు పల్చగా చేసి పూత సమయంలో పోస్తాను. ఆముదపు పిండి కూడా మంచిదే, కానీ ఇంట్లో కుక్క ఉంటే ఆముదపు పిండి వద్దే వద్దు. దాని వాసనకు కుక్కలు తవ్వి తింటాయి, అది వాటికి విషం. అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, వాడేసిన టీ పొడి ఎరువు కుప్పలో వేసుకోండి, నేరుగా పాదులో పోస్తే చీమలకు విందు.

పురుగుల విషయంలో నాటు రకాలకు టెన్షన్ తక్కువ, లేదని కాదు. ఎండాకాలం ఆకు అడుగున సాలెగూడులా కనిపిస్తే ఎర్రనల్లి, పైపుతో ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. చలికాలం బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండలు ముదిరాక మాత్రం వాడకూడదు, ఆకు మాడుతుంది. కాండం మీద తెల్ల చెక్కులా అంటుకునే పొలుసు పురుగును పాత టూత్ బ్రష్షుతో రుద్ది దులిపేయండి. పూల రేకులతో గుల్కంద్ చేసే ఆలోచన ఉంటే ఆ పొద మీద పురుగుల మందులు కొట్టనే వద్దు.

మీరు ఇంకో ముక్క అడిగారు, ఇదొక్కటే కాకుండా వేరే పాతకాలపు రకాలేవైనా పెట్టొచ్చా అని. గులాబీ సంఘాల లెక్కలో 1867కు ముందున్న వర్గాలను పాత గులాబీలంటారు, ఎందుకంటే ఆ ఏడాది ఫ్రాన్స్‌లో లా ఫ్రాన్స్ అనే మొదటి హైబ్రిడ్ టీ వచ్చింది. కానీ పాతవన్నీ మనకు పనికిరావు. యూరప్ తోటల బొమ్మల్లో నోరూరించే గాలికా, ఆల్బా, మాస్ గులాబీలకు గట్టి చలి కావాలి, మన మైదానాల్లో ఆకులేస్తాయి తప్ప పూయవు. కనౌజ్, హత్రాస్, పుష్కర్ వైపు అత్తరుకూ పన్నీరుకూ పెంచే అసలు డమస్కస్ గులాబీ నాలుగేళ్లు పెంచాను. ఫిబ్రవరి, మార్చిలో మూడు వారాలు పూసి, మిగతా ఏడాదంతా ముళ్లు చూపించింది. మనకు నప్పేవి చైనా, టీ, బోర్బన్ రక్తం ఉన్నవి. ఓల్డ్ బ్లష్ అనే లేత గులాబీ రంగు చైనా రకం కనిపిస్తే వదలకండి. గ్రూస్ ఆన్ టెప్లిట్జ్ అనే ముదురు ఎరుపు 1897 నాటిది, తేదీ ప్రకారం పాతది కాకపోయినా స్వభావం మొత్తం నాటు గులాబీదే, ఎండలో హాయిగా ఉంటుంది.

వేడి ప్రాంతాలకు గులాబీలు అనే పని మీదే జీవితం పెట్టిన ఒకాయన మన రాష్ట్రంలో పనిచేసినవారే. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి, ఉద్యోగం ముందే వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో కొత్త రకాలు చేశారు. ఆయన రకాలు దొరికితే అదృష్టమే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. "పన్నీరు గులాబీ" అని చీటీ కట్టి దేన్నైనా అమ్ముతారు. నాకు ఒకచోట అలా మూడు మొక్కలు అంటగట్టారు, పూశాక చూస్తే వాసన లేని ఏదో హైబ్రిడ్. పువ్వు చూసి, వాసన చూసి కొనండి. కాండం మొదట్లో అంటు ముడి ఉందో లేదో కూడా చూడండి, ఉంటే అది సొంత వేరు మొక్క కాదు.

మీ అక్క సంగతి. భారత్ నుంచి గులాబీ పుల్లలు అనుమతి లేకుండా అమెరికా తీసుకెళ్లడం కుదరదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, రూల్ కూడా మంచికే. టెక్సాస్‌లోనే ఆమెకు దారి ఉంది. అక్కడ టెక్సాస్ రోజ్ రస్లర్స్ అనే బృందం పాడుబడ్డ ఇళ్ల దగ్గర, శ్మశానాల్లో బతికి ఉన్న పాత గులాబీల నుంచి పుల్లలు తెచ్చి పంచుకుంటారు, అచ్చం మీరు చేయబోతున్న పనే. అక్కడి వేడికి కూడా బోర్బన్, చైనా రకాలే సరిపోతాయి. డాలస్ ప్రాంతంలో రోజ్ రోజెట్ అనే వైరస్ తెగులు ఉంది, కొమ్మలు ఎర్రగా చీపురులా గుబురైతే మందు లేదు, వేళ్లతో సహా తీసేయాలి. ఆ మాట ఆమెకు చెప్పండి.

చివరగా ఒక పని, జనవరిలో ఊరెళ్లినప్పుడు తప్పకుండా చేయండి. పుల్లలన్నీ హైదరాబాదు తెచ్చేసుకోకుండా ఓ నాలుగు ఆ వీధిలోనే మొక్కలంటే ఇష్టమున్న ఎవరికైనా ఇచ్చి రండి. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొద 2015 మే ఎండలకు, మేము పది రోజులు ఊళ్లో లేనప్పుడు, వేళ్లతో సహా మాడిపోయింది. అప్పటికి పుట్టిల్లు కూడా లేదు. మా అమ్మ ఎప్పుడో పుల్ల ఇచ్చిన ఎదురింటి పిన్నిగారి పెరట్లోంచి మళ్లీ పది పుల్లలు తెచ్చుకున్నాను. ఇప్పుడు మా గేటు పక్కనున్నది అదే.